పింగ్

పింగ్ ఇంగ్లీషులో ఒక ధ్వన్యనుకరణ పదం. లోహంలాంటి గట్టి వస్తువుకు చిన్నదేదో వేగంగా తగిలినప్పుడు పుట్టి, సన్నగా మోగి, వెంటనే ఆగిపోయే చప్పుడుకు అది పేరు. 19వ శతాబ్దం మొదటి సగంలో తుపాకీ గుండు చప్పుడును వర్ణించడానికి ఈ మాట అచ్చులోకి వచ్చింది. ఆ తర్వాత ఒక ఆటకు పేరైంది, మోటారు ఇంజన్‌లో ఒక లోపానికి పేరైంది, జలాంతర్గాముల వేటలో సాంకేతిక పదమైంది, కంప్యూటర్ నెట్‌వర్కుల్లో ఆదేశమైంది. ఇవాళ మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ‘‘లంచ్ అయ్యాక పింగ్ చెయ్యండి’’ అంటే అందులో చప్పుడు మాటే లేదు. ‘ఒక సందేశం పెట్టండి, నేను పలుకుతాను’ అన్నదే దాని భావం. చప్పుడుకు పేరుగా పుట్టిన మాట, పిలిచి జవాబు కోసం ఆగే పనికి పేరుగా మారడమే దీని చరిత్రలో అసలు విశేషం. ఆ మలుపు సముద్రంలో వచ్చింది.

మాటలో మోత

ఈ మాట పలికే తీరులోనే చప్పుడు మొత్తం ఉంది. ‘ప’ పలకడానికి పెదవులు మూసి ఒక్కసారిగా విడుస్తాం. దెబ్బ తగిలిన క్షణం అది. తర్వాత వచ్చే హ్రస్వమైన ‘ఇ’ సన్నదనాన్ని చూపిస్తుంది. చివరి అనునాసికం ముక్కులో మోగి, దెబ్బ తర్వాత మిగిలే మోతను వినిపిస్తుంది. అచ్చు మారిస్తే చాలు, వస్తువు పరిమాణం మారిపోతుంది. ‘పాంగ్’ అంటే కాస్త పెద్దది, ‘బ్యాంగ్’ అంటే ఇంకా పెద్దది. భాషా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ 1929లో ఈ సంగతిని పరీక్షించి చూశాడు. ‘మిల్’, ‘మల్’ అనే అర్థం లేని రెండు మాటలిచ్చి, ఒకటి చిన్న బల్ల, మరొకటి పెద్ద బల్ల, ఏది ఏదో చెప్పమంటే ఎక్కువమంది ‘మల్’నే పెద్దదిగా ఎంచారు. తెలుగు చెవికి ఇది కొత్త కాదు. చిన్న గంట టింగుమంటుంది, పెద్ద గంట టంగుమంటుంది.

అయితే తెలుగులోకి వచ్చేసరికి పింగ్ మన ధ్వన్యనుకరణ పదాల వరసలో కూర్చోలేదు. మన పద్ధతిలో ఇలాంటి మాటలు ‘అను’ ధాతువును పట్టుకుని నడుస్తాయి. గిన్నె ఖంగుమంటుంది, తలుపు ధనాలుమంటుంది, గుండె ఝల్లుమంటుంది. పింగ్ మాత్రం ‘చేయు’ను పట్టుకుని వచ్చింది. ‘పింగ్ చెయ్యి’, ‘పింగ్ చేశా’, ‘పింగ్ చేస్తే పలకడం లేదు’ అంటాం. తెలుగువాళ్ళకు ఈ మాట తుపాకీ నుంచో గంట నుంచో చేరలేదు, కంప్యూటరు నుంచి చేరింది. అందుకే మన నోట అది మొదటి నుంచీ ఒక పని.

ఇంజన్‌లో పింగ్

పెట్రోలు ఇంజన్ మీద బరువు పడినప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు, లోపల నుంచి సన్నని లోహపు చప్పుడు వరసగా వినిపించడం పాతకాలపు డ్రైవర్లకు బాగా తెలుసు. అమెరికాలో దీన్ని పింగింగ్ అన్నారు, బ్రిటన్‌లో పింకింగ్ అన్నారు. మన మెకానిక్కులు నాకింగ్ అంటారు. స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్‌లో చివరి దాకా పాకే లోపే, మిగిలిన ఇంధన మిశ్రమం ఒత్తిడికి, వేడికి తనంతట తాను అంటుకోవడమే దీనికి కారణం. అప్పుడు పుట్టే ఒత్తిడి తరంగాలు సిలిండర్ గోడలను కొడతాయి. ఇది ఇలాగే సాగితే పిస్టన్ పాడవుతుంది.

ఈ చప్పుడును ఆపడానికి జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్న థామస్ మిజ్లీ 1921లో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం పనికొస్తుందని కనిపెట్టాడు. చప్పుడు ఆగింది. కానీ ఆ పెట్రోలు పొగతో పాటు సీసం ప్రపంచమంతటా గాలిలో, మట్టిలో, పిల్లల రక్తంలో చేరింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. భారతదేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో ఆపింది. కనిపెట్టినది మొదలు చివరి బంకులో ఆగేదాకా వందేళ్ళు పట్టింది. సాంకేతిక చరిత్రలో ఇంత ఖరీదైన నిశ్శబ్దం మరొకటి ఉండదు. ఇప్పటి ఇంజన్లలో చిన్న సెన్సర్ ఒకటి ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి ఉంటుంది. అది వినపడగానే కంప్యూటరు స్పార్క్ సమయాన్ని కాస్త వెనక్కి జరుపుతుంది.

బల్ల మీది ఆట

ఇంగ్లండులో 19వ శతాబ్దం చివర, భోజనాల బల్ల మీద ఆడుకునే ఇంటి ఆటగా టేబుల్ టెన్నిస్ మొదలైంది. 1900 ప్రాంతంలో తేలికైన సెల్యులాయిడ్ బంతి వచ్చాక ఊపందుకుంది. అప్పటి బ్యాట్లు డప్పులాగా చర్మం బిగించినవి. బంతి బ్యాటుకు తగిలితే ఒక చప్పుడు, బల్లకు తగిలితే మరో చప్పుడు. ఆ రెండూ కలిపి ఆట సామాన్లు అమ్మే జాక్స్ సంస్థ ‘పింగ్ పాంగ్’ అని పేరు రిజిస్టరు చేయించింది. పేరు ఒక సంస్థ సొత్తు కావడంతో క్రీడా సంఘాలు టేబుల్ టెన్నిస్ అనే పేరునే పట్టుకున్నాయి. 1926లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య పేరులో ఉన్నదీ అదే. చైనీయులకు ఆ ఇబ్బంది లేదు. వాళ్ళు చప్పుడునే ఉంచుకుని ‘పింగ్‌పాంగ్’ అనే అంటారు. రాయడానికి ‘సైనికుడు’ అనే అర్థమున్న అక్షరాన్ని తీసుకుని, అడుగున ఉన్న రెండు కాళ్ళలో ఒకసారి ఒకటి, మరోసారి రెండోది తీసేసి రెండు అక్షరాలు చేశారు. అవి పక్కపక్కన ఉంటే బల్లకు చెరోవైపు నిలబడిన ఆటగాళ్ళలాగే కనిపిస్తాయి.

ఈ ఆటలో చప్పుడు అలంకారం కాదు, సమాచారం. అది రుజువైంది మన దేశంలోనే. 1952లో ప్రపంచ పోటీలు బొంబాయిలో జరిగాయి. ఆసియాలో అవి జరగడం అదే మొదటిసారి. జపాన్ ఆటగాడు హిరోజి సాటో మందపాటి స్పాంజి అతికించిన బ్యాటుతో వచ్చాడు. అతను కొడితే చప్పుడు లేదు. అంతదాకా అవతలివాళ్ళు దెబ్బ చప్పుడు విని బంతి వేగాన్ని, తిప్పును అంచనా వేసేవారు. ఆ ఆధారం పోయేసరికి ఉద్దండులు తడబడ్డారు. సాటో పురుషుల సింగిల్స్ గెలిచాడు. ఆట స్వరూపమే మారిపోయింది. చివరికి 1959లో సమాఖ్య బ్యాటు మీది స్పాంజి మందానికి పరిమితి పెట్టవలసి వచ్చింది.

పింగ్ పాంగ్ అన్న మాట రాజకీయాల్లోకి రెండు దారుల్లో చేరింది. 1971లో జపాన్‌లోని నగోయాలో ప్రపంచ పోటీలప్పుడు అమెరికా ఆటగాడు గ్లెన్ కోవన్ చైనా జట్టు బస్సు ఎక్కడం, చైనా ఛాంపియన్ జువాంగ్ జెడోంగ్ ముందుకొచ్చి పలకరించి పట్టు వస్త్రం మీద బొమ్మను కానుకగా ఇవ్వడం, ఆ ఏప్రిల్‌లోనే అమెరికా జట్టు చైనా వెళ్ళడం వరసగా జరిగాయి. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్ వెళ్ళాడు. దీనికే పింగ్ పాంగ్ దౌత్యం అని పేరు. రెండో దారి బ్రిటన్ పార్లమెంటుది. ఒక బిల్లు మీద ఉభయసభలకూ కుదరక, సవరణలతో అటూ ఇటూ తిరుగుతుంటే దాన్ని అక్కడ పింగ్ పాంగ్ అనే వ్యవహరిస్తారు.

గోల్ఫ్‌లో ప్రసిద్ధమైన పింగ్ సంస్థ పేరు కూడా చప్పుడు నుంచే వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1959లో తయారుచేసిన పటర్ అనే గోల్ఫ్ కర్ర బంతికి తగిలినప్పుడు అలా మోగేది.

సముద్రంలో పిలుపు

1912లో టైటానిక్ మునిగాక, మంచుకొండలను ముందే పసిగట్టే ఉపాయం కోసం పలువురు ప్రయత్నించారు. రెజినాల్డ్ ఫెసెండెన్ 1914లో మయామి అనే అమెరికా ఓడ మీద నుంచి నీళ్ళలోకి ధ్వని పంపి, మంచుకొండకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల బెడద పెరిగింది. ఫ్రాన్స్‌లో పాల్ లాంజెవాన్ క్వార్ట్జ్ స్ఫటికాలకు విద్యుత్తు ఇచ్చి కంపింపజేసి, చెవికి అందని ధ్వనిని నీటిలోకి పంపే పద్ధతిని రూపొందించాడు. బ్రిటిష్ నౌకాదళం ఈ పరికరాన్ని ఆస్‌డిక్ అంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్లు పెట్టిన సోనార్ అనే పేరు నిలిచింది. ఆ యుద్ధంలోనే, పరికరం నుంచి వెలువడే చిన్న ధ్వని స్పందనకు పింగ్ అన్న పేరు స్థిరపడింది.

లెక్క తేలికైనది. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. గాలిలో పోయే వేగానికి ఇది నాలుగు రెట్లకు పైనే. పంపిన పింగ్ 4 సెకన్లకు తిరిగొస్తే అది పోయిరావడానికి 6 కిలోమీటర్లు నడిచింది. అంటే అడ్డం తగిలినది 3 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆపరేటరుకు ఇంకొక ఆధారం ఉంటుంది. తిరిగొచ్చిన ధ్వని స్థాయి కాస్త పెరిగి ఉంటే అవతలిది దగ్గరకు వస్తోంది, తగ్గి ఉంటే దూరమవుతోంది. రైలు కూత దగ్గరికొస్తున్నప్పుడు ఒకలా, దాటిపోయాక మరోలా వినపడటానికి కారణమైన సూత్రమే ఇది. నీళ్ళు మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండవు. వేడి పొర, చల్ల పొర, ఉప్పు తక్కువ పొర కలిసేచోట ధ్వని వంగిపోతుంది. గంగా బ్రహ్మపుత్రల మంచినీళ్ళు వచ్చి కలిసే బంగాళాఖాతం ఉత్తర భాగంలో ఈ చిక్కు బాగా ఎక్కువ. మనకు నౌకాదళ సోనార్లను రూపొందించేది కొచ్చిలోని డీఆర్‌డీవో ప్రయోగశాల.

పింగ్‌తో పెద్ద ప్రమాదమూ ఉంది. అది అవతలివాడి జాడ చెప్పేలోపే మన జాడ చెప్పేస్తుంది. అందుకే జలాంతర్గామి సాధ్యమైనంతవరకు తాను పలకకుండా ఎదుటివాళ్ళ చప్పుళ్ళు వింటూ కూర్చుంటుంది. ఈ ఉత్కంఠను తెలుగు ప్రేక్షకులు 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాలో చూశారు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం దగ్గర మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ కథకు ఆధారం. అది ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల వాదనలు వేరువేరు. విశాఖ ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళినవాళ్ళకు, అంత ఇరుకు గొట్టంలో ఊపిరి బిగబట్టి వినడమంటే ఏమిటో కొంతైనా అందుతుంది.

సముద్రంలో వినేది మనుషులొక్కరే కాదు. తిమింగలాలకు, డాల్ఫిన్లకు చూపు కన్నా వినికిడే ఆధారం. 2000 మార్చిలో బహామాస్ దీవుల్లో అమెరికా నౌకాదళ విన్యాసాల సమయంలో డజనుకు పైగా తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాటిలో కొన్ని చనిపోయాయి. సోనార్ ధ్వనే ప్రధాన కారణమని ఆ నౌకాదళం కూడా పాల్గొన్న విచారణే తేల్చింది. రక్షణ అవసరాలు ఎంత పెద్దవైనా, ఆ జీవుల దారుల్లో, అవి పిల్లలను కనే కాలాల్లో ఈ విన్యాసాలు ఆపడం న్యాయం. చేపల వలలకు కట్టే చిన్న పింగర్లు దీనికి మంచి వైపు. అవి చేసే చప్పుడు విని కొన్ని రకాల డాల్ఫిన్లు వలకు దూరంగా తొలగిపోతాయి.

విమానం బ్లాక్ బాక్సుకు కూడా పింగర్ ఉంటుంది. నీళ్ళు తగలగానే అది పనిచేయడం మొదలుపెట్టి సెకనుకు ఒకటి చొప్పున 37.5 కిలోహెర్ట్జ్ దగ్గర పింగ్ పంపుతుంది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు. కాబట్టి మనుషులను పిలవడానికి పెట్టిన ఈ పింగ్‌ను మనిషి పరికరం లేకుండా వినలేడు. పాత పరికరాల్లో బ్యాటరీ 30 రోజులే ఉండేది. 2009 జూన్‌లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 బ్లాక్ బాక్సులు పైకి రావడానికి దాదాపు రెండేళ్ళు పట్టాక, దాన్ని 90 రోజులకు పెంచాలని నిర్ణయించారు.

2014 మార్చి 8న 239 మందితో మాయమైన మలేసియా విమానం ఎం.హెచ్. 370 వార్తల్లో పింగ్ అన్న మాట మరో అర్థంలో వినపడింది. విమానంలో మిగతా సంబంధాలన్నీ తెగిపోయినా, ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహం ద్వారా నేల మీది కేంద్రం సుమారు గంటకోసారి ‘ఉన్నావా’ అని అడిగితే, విమానంలోని పరికరం ‘ఉన్నా’నని బదులిస్తూ వచ్చింది. అందులో మాటలు లేవు, స్థానం లేదు. బదులు రావడానికి పట్టిన సమయం మాత్రం ఉంది. ఆ సమయాన్ని బట్టి ఉపగ్రహం నుంచి విమానం ఎంత దూరంలో ఉందో లెక్కకట్టి పటం మీద చాపాలు గీశారు. చివరిదైన ఏడో చాపం వెంటే హిందూ మహాసముద్రంలో గాలించారు. సోనార్ లెక్కే ఇది, ధ్వనికి బదులు రేడియో తరంగం.

కంప్యూటరులో పింగ్

1983 డిసెంబరులో అమెరికాలోని మేరీల్యాండ్‌లో, సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనాలయంలో నెట్‌వర్కు మొరాయించింది. అక్కడ పనిచేసే మైక్ మూస్, ఏ యంత్రం పలుకుతోందో ఏది పలకడం లేదో కనిపెట్టడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. అవతలి యంత్రానికి ఒక చిన్న ప్యాకెట్ పంపడం, అది తిరిగొచ్చేదాకా సమయం లెక్కపెట్టడం, అంతే దాని పని. విద్యార్థి దశలో సోనార్, రాడార్ గణితం మీద పనిచేసిన మనిషి కాబట్టి దానికి పింగ్ అని పేరు పెట్టాడు. ఆ నాలుగక్షరాల వెనక పెద్ద పేరేదో ఉందని, ఇది దాని పొడి అక్షరాలని తర్వాత కొందరు చెప్పారు. మూస్ దాన్ని ఒప్పుకోలేదు. తన జీవితంలో ఇదే ప్రసిద్ధమవుతుందని తెలిస్తే ఇంకో ఒకటి రెండు రోజులు దాని మీద కూర్చునేవాణ్ణేమోనని ఆయన రాసుకున్నాడు. 2000 నవంబరులో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు.

పింగ్ వాడుకునే సంకేత పద్ధతిని 1981లోనే జాన్ పోస్టెల్ నిర్దేశించాడు. అడిగేదాని సంఖ్య 8, బదులిచ్చేదాని సంఖ్య 0. ఇంట్లో నెట్ రాకపోతే వచ్చే కుర్రాడు కంప్యూటరులో నల్ల తెర తెరిచి చేసేది ఇదే. అనుభవమున్నవాడైతే ముందు 127.0.0.1 కొడతాడు. అది ఆ కంప్యూటరు తనను తానే పలకరించుకునే చిరునామా. అది పలికితే గోడకున్న రౌటరును పలకరిస్తాడు. అదీ పలికితే బయట ఎక్కడో ఉన్న 8.8.8.8ను పలకరిస్తాడు. ఎక్కడిదాకా బదులొచ్చి ఎక్కడ ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని పడిందో, తెగింది అక్కడే. మూస్ చెప్పిన ఒక ముచ్చట ఈ మాట చరిత్రకే తలమానికం. తీగ ఎక్కడో వదులై నెట్‌వర్కు వచ్చిపోతుంటే, ఒక నిర్వాహకుడు పింగ్‌కు బదులొచ్చినప్పుడల్లా కంప్యూటరు ‘పింగ్’ అని గొంతెత్తి అరిచేలా ఏర్పాటు చేశాడట. స్టీరియో శబ్దం పూర్తిగా పెంచి, భవనమంతా తిరుగుతూ ఒక్కొక్క కనెక్టరును కదిపాడట. అరుపు ఆగిన చోట లోపం దొరికింది.

బదులుకు పట్టే సమయాన్నే ఇప్పుడు పింగ్ అంటున్నారు. ఆన్‌లైన్ ఆటలాడే పిల్లలు ‘‘పింగ్ రెండొందలు దాటింది’’ అని మొత్తుకునేది మిల్లీసెకన్ల గురించి. దీనికి ప్రకృతి పెట్టిన హద్దు ఒకటుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి న్యూజెర్సీ సుమారు 13,000 కిలోమీటర్లు. తీగ సూటిగా వేసినా పోయిరావడానికి 130 మిల్లీసెకన్లు పడుతుంది. అది సూటిగా ఉండదు గనక ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే. ఎంత ఖరీదైన ప్లాను కొన్నా ఈ 130 తగ్గదు.

బదులు రాలేదంటే అవతలిది పనిచేయడం లేదని అనుకోవడానికీ లేదు. 65,535 బైట్ల పరిమితికి మించిన పింగ్ పంపి యంత్రాలను కూలదోసే ‘పింగ్ ఆఫ్ డెత్’ దాడులు 1990ల రెండో భాగంలో కలవరపెట్టాయి. అలాంటి దుర్వినియోగాల భయంతో చాలా సంస్థలు తమ సర్వర్లు పింగ్‌కు పలకకుండా కట్టేశాయి.

నోటి మాటగా

నెట్‌వర్కు ఇంజనీర్ల నోటి నుంచి ఈ మాట ఆఫీసు చాట్‌లోకి, అక్కడి నుంచి మామూలు సంభాషణలోకి వచ్చింది. హైదరాబాదులోనూ, అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలోనూ ‘‘సాయంత్రం ఒకసారి పింగ్ చేస్తాను బావా’’ అనడం మామూలైపోయింది. ఫోను చేస్తాననడం కన్నా ఇది తేలిక. పిలిచినవాడు బలవంతం చేయడం లేదు, పలకాల్సినవాడికి వెసులుబాటు ఉంది. పోలీసుల పరిశోధనలో ఫోను ఏ టవరు పరిధిలో ఉందో రాబట్టడాన్నీ పింగ్ చేయడమనే అంటారు. ఆపిల్ సంస్థ 2010లో సంగీతాభిమానుల కోసం పింగ్ పేరుతో ఒక సామాజిక వేదిక పెట్టి, ఆదరణ లేక 2012లో మూసేసింది. బ్రిటన్‌లో 2021 జులైలో కోవిడ్ యాప్ ఇంగ్లండు, వేల్స్‌లలో ఇంట్లోనే ఉండమని ఒక్క వారంలోనే 6 లక్షలకు పైగా హెచ్చరికలు పంపింది. సిబ్బంది ఇళ్ళకు పరిమితమై దుకాణాల్లో సరుకు నింపేవాళ్ళు కరవయ్యారు. అక్కడి పత్రికలు దానికి ‘పింగ్‌డెమిక్’ అని పేరు పెట్టాయి.

తెలుగులో ఈ మాటకు ఇప్పుడు రెండు స్థిరమైన వాడుకలున్నాయి. ఒకటి ‘పింగ్ చేయు’ అనే క్రియ, సందేశం పంపి బదులు కోరడం. రెండోది ‘పింగ్’ అనే నామవాచకం, బదులు రావడానికి పట్టే సమయం. రెండూ లక్షలాది మంది రోజూ వాడుతున్నవే. కొత్తగా కూర్చే తెలుగు నిఘంటువులు దీన్ని అన్యదేశ్యమని పక్కన పెట్టకుండా రెండర్థాలతోనూ చేర్చుకోవాలి.